కుటుంబంతో పారిస్ ప్రయాణం: షెంగెన్ వీసా దరఖాస్తు విధానం

పారిస్ అనుకోగానే ఇంట్లో ఒకరు విమానం ధరలు చూస్తారు, ఇంకొకరు హోటళ్లు వెతుకుతారు. ఆ రెండింటికంటే ముందు తేలాల్సింది వీసా. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి పర్యటన కోసం ఫ్రాన్స్‌లో దిగాక ఇచ్చే వీసా లేదు. ఫారం ఆన్‌లైన్‌లోనే నింపుతాం కానీ, కాగితాలు పట్టుకుని వీసా సెంటర్‌కు వెళ్లక తప్పదు.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే తెలుసుకోవాలి. కుటుంబం మొత్తానికి కలిపి ఇచ్చే వీసా అంటూ ఏదీ లేదు. చంకలో ఉన్న పసిబిడ్డకూ, పెన్షన్ తీసుకునే తాతగారికీ ఎవరి పాస్‌పోర్టు వారిదే, ఎవరి ఫారం వారిదే, ఎవరి ఫైలు వారిదే. కానీ ఆ ఫైళ్లన్నీ ఒకేసారి అధికారి ముందుకు వెళ్తాయి. ఒకదానిలో తేదీ ఇంకోదానిలో మారినా, ఒకరి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో తెలియకపోయినా అక్కడే అనుమానం మొదలవుతుంది. దరఖాస్తులో అసలు పని ఫారం నింపడం కాదు, అందరి కాగితాలూ ఒకే మాట చెప్పేలా చూసుకోవడం.

ఏ వీసా, ఏ దేశానికి

పర్యటనకు కావాల్సింది టైప్ సి షార్ట్ స్టే వీసా. దీంతో షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసా చెల్లే 29 యూరప్ దేశాల్లో, ఏ 180 రోజులు లెక్కేసినా అందులో 90 రోజులకు మించకుండా ఉండొచ్చు. పారిస్‌తో పాటు స్విట్జర్లాండ్ కూడా చూడాలనుకుంటే వేరే వీసా అక్కర్లేదు. లండన్ మాత్రం ఇందులోకి రాదు. పారిస్ నుంచి యూరోస్టార్ రైలెక్కి లండన్ వెళ్లొద్దామనుకుంటే బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి. పైగా తిరిగి పారిస్‌కు రావాలంటే షెంగెన్ వీసాలో కనీసం రెండు ప్రవేశాలు ఉండాలి. ఆ సంగతి ఫారంలోనే అడగాలి. సింగిల్ ఎంట్రీ వీసాతో లండన్‌కు రైలెక్కినవారు పారిస్‌లో వదిలిన సామాను కోసం కూడా వెనక్కి రాలేరు.

రెండు మూడు దేశాలు తిరిగేటప్పుడు ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఫలానా దేశం అపాయింట్‌మెంట్లు తొందరగా దొరుకుతున్నాయని అక్కడ పెట్టి, ఉండటం మాత్రం పారిస్‌లో ఉండే పద్ధతి ఒకటి నడుస్తోంది. హోటల్ బుకింగులు చూస్తేనే అది బయటపడుతుంది. ఆ దారి వద్దు.

‘ఈటియాస్’ పేరుతో డబ్బు కట్టమనే వెబ్‌సైట్లు కనిపిస్తే పట్టించుకోకండి. అది షెంగెన్ వీసా అవసరం లేని దేశాలవారి కోసం రూపొందించిన అనుమతి. మీరు తీసుకునేది వీసా కాబట్టి దాంతో మీకు పని లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. ఆలస్యంగానైనా 15 రోజుల ముందు పెట్టేయాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది. ఇంకా పరిశీలించాలనుకుంటే 45 రోజుల దాకా పట్టొచ్చు. ఈ 15 రోజులు ఫైలు ఇచ్చిన తర్వాతి లెక్క. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే రోజులు ఇందులో లేవు. వేసవి సెలవుల ప్రయాణమైతే కనీసం మూడు నెలల ముందు కదలడం మంచిది. కుటుంబం అన్నాక నలుగురికో ఐదుగురికో ఒకే రోజు స్లాట్లు దొరకాలి కదా.

పాస్‌పోర్టులన్నీ ముందే తీసి చూడండి. షెంగెన్ ప్రాంతం వదిలే రోజు తర్వాత ఇంకా 3 నెలలైనా గడువు ఉండాలి, గత పదేళ్లలో జారీ అయి ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టుల గడువు పెద్దవాళ్లవాటికంటే తక్కువ కాబట్టి, చాలా ఇళ్లలో ముందు అవే అయిపోయి ఉంటాయి.

ఫారం, పేర్లు

ఫ్రాన్స్ ప్రభుత్వ పోర్టల్ పేరు ‘ఫ్రాన్స్-వీసాస్’. అందులో ఒకరు ఖాతా తెరిచి, అదే ఖాతాలో కుటుంబ సభ్యులందరి దరఖాస్తులూ ఒక గుంపుగా నింపొచ్చు. ప్రయాణ ఉద్దేశం దగ్గర పర్యటన అని ఎంచుకుంటే ఆ వర్గానికి కావాల్సిన పత్రాల జాబితా వస్తుంది. బంధువుల ఇంటికి వెళ్తున్నామని ఎంచుకుంటే జాబితా మారుతుంది. చివరిదాకా నింపి ఖరారు చేశాక ఫారం, రసీదు పీడీఎఫ్‌గా వస్తాయి. వాటిని ప్రింటు తీసి సంతకం చేయాలి. మైనర్ల ఫారం మీద తల్లిదండ్రులు సంతకం పెట్టాలి.

మన కుటుంబాల్లో చిక్కు వచ్చేది పేర్ల దగ్గరే. ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పుట్టినప్పటి ఇంటిపేరుకు ఇంకో గడి, సొంత పేరుకు మరో గడి ఉంటాయి. పెళ్లి తర్వాత భార్య ఇంటిపేరు మారి ఉంటే రెండో గడి ఆమెకు ముఖ్యం. మార్చుకోకుండా పుట్టింటి పేరే ఉంచుకున్నా ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే తల్లికీ పిల్లలకూ ఇంటిపేర్లు వేరుగా కనిపిస్తాయి. అప్పుడు వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలే ఆ బంధుత్వాన్ని చూపిస్తాయి. స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. అది తప్పని మీకు తెలిసినా సరే, ఫారంలో సరిచేయకండి. సరిచేసుకోవాల్సింది పాస్‌పోర్టు ఆఫీసులో.

కాగితాలు

కచ్చితమైన జాబితా పోర్టలే ఇస్తుంది, దాన్ని వరసగా అనుసరించండి. ప్రతి ఫైలులోనూ ఉండేవి కొన్ని: 35×45 మిల్లీమీటర్ల కొత్త ఫొటో, రానుపోను విమానం రిజర్వేషన్, బస రుజువు, ప్రయాణ వైద్య బీమా, ఉద్యోగం లేదా ఆదాయం చూపే పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. విమానం విషయంలో రిజర్వేషన్ చాలు. వీసా రాకముందే వెనక్కి డబ్బు రాని టికెట్లు కొనొద్దు. హోటళ్లకూ అదే మాట, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి. అయితే వీసా చేతికి రాకుండానే రద్దు చేయకండి.

బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెంగెన్ దేశాలన్నింటిలో చెల్లాలి. అత్యవసర చికిత్స, ఆస్పత్రి ఖర్చు, స్వదేశానికి చేర్చే ఖర్చు అందులోకి రావాలి. పాలసీ ఒక్కటే తీసుకున్నా, అందులో కుటుంబంలోని ప్రతి ఒక్కరి పేరూ కనిపించాలి.

డబ్బు సంగతి చాలామందికి అంతుపట్టదు, కానీ ఫ్రాన్స్ దీనికి స్పష్టమైన లెక్క పెట్టింది. హోటల్ బుకింగు ఉంటే మనిషికి రోజుకు 65 యూరోలు, లేకపోతే 120 యూరోలు చూపాలి. అంటే పది రోజులకు ఇద్దరు పెద్దలకు హోటల్ రుజువుతో 1,300 యూరోలు. హోటల్ రుజువు లేకపోతే అదే 2,400 అవుతుంది. అక్కడ ఉండే బంధువుల ఇంట్లో దిగితే 32.50 యూరోలు చాలు. కానీ వాళ్లు 30 యూరోల రుసుము కట్టి, తమ ఊరి మేయర్ కార్యాలయం నుంచి ‘అతెస్తాసియో దాకెయ్’ అనే ఆతిథ్య పత్రం తీసుకుని మీకు పంపాలి. మామూలు ఆహ్వాన లేఖ దానికి బదులు కాదు.

ఈ అంకెలు కనీసాలు మాత్రమే. ఖాతాలో డబ్బు ఎంత ఉందన్నదే కాదు, ఎలా వచ్చిందన్నదీ చూస్తారు. నెలనెలా జీతం పడి, ఖర్చులు పోయి మిగిలిన ఖాతాకు నమ్మకం ఎక్కువ. దరఖాస్తుకు వారం ముందు ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి వేసిన పెద్ద మొత్తం మేలుకంటే కీడే చేస్తుంది. ఇల్లు చూసుకునే భార్యకు, చదువుకునే పిల్లలకు సొంత ఆదాయం ఉండదు కాబట్టి, సంపాదించేవారి శాలరీ స్లిప్పులు, ఐటీ రిటర్నులు, ఖర్చు తానే భరిస్తానన్న లేఖ వారి ఫైళ్లలోనూ ఒక్కో సెట్టు పెట్టాలి. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే వారి పెన్షన్ కాగితాలతో పాటు మీ లేఖ కూడా ఉండాలి. ఉద్యోగులు ఆఫీసు నుంచి సెలవు మంజూరు పత్రం తెచ్చుకోవాలి. అందులోని సెలవు తేదీలు విమానం తేదీలను కప్పేలా ఉండాలి.

ఇక కవరింగ్ లెటర్. ఒకటిన్నర పేజీ చాలు: ఎవరెవరు వెళ్తున్నారు, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎన్ని రోజులు, ఖర్చు ఎవరిది, వెనక్కి వచ్చి ఏం చేస్తారు. రోజువారీ ప్రణాళిక దీనికి జతచేయాలి. ఎక్కడినుంచో దించిన ప్రణాళిక ఇట్టే దొరికిపోతుంది. మంగళవారం లూవ్ర్ మ్యూజియం అని రాస్తారు, ఆ రోజు అది మూసి ఉంటుంది. సోమవారం వర్సాయ్ కోట, ఓర్సే మ్యూజియం అని రాస్తారు, రెండింటికీ సెలవు అదే రోజు. పాంపిడూ కేంద్రం మరమ్మతుల కోసం 2025లో మూతపడింది, మళ్లీ తెరిచేది 2030లో. నోత్రదామ్ కేథడ్రల్ మాత్రం అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది, లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఇలాంటి పొరపాటు ఒక్కదానికే వీసా పోదు గానీ, నిజంగా వెళ్లే ఉద్దేశం ఉన్నవారు రాసిన ప్రణాళికకు ఒక తీరు ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు రోజుకు రెండు చోట్లకు మించి రాయకపోవడమే సహజం.

రోజుల లెక్క

అడుగుపెట్టిన రోజు, వదిలిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు 1వ తేదీ రాత్రి బయల్దేరి 2న పారిస్‌లో దిగి, 11 రాత్రి 11 గంటలకు తిరుగు విమానం ఎక్కితే అది 10 రోజులు. అదే విమానం అర్ధరాత్రి దాటి 12న కదిలితే 11 రోజులు. హోటల్ బుకింగ్, బీమా, సెలవు పత్రం, ఫారం, నాలుగింటిలోనూ ఈ లెక్క కుదరాలి. బీమా ఒక రోజు తక్కువైతే ఫైలు అక్కడే ఆగుతుంది.

పిల్లలు తల్లిదండ్రుల్లో ఒక్కరితోనే వెళ్తున్నా, తాతయ్య నానమ్మలతో వెళ్తున్నా, రాని తల్లి లేదా తండ్రి రాతపూర్వక అనుమతి, వారి గుర్తింపు పత్రం నకలుతో సహా పెట్టాలి. ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవారు కోర్టు ఉత్తర్వో, మరణ ధ్రువపత్రమో చూపాలి.

సెంటర్‌కు వెళ్లే రోజు

మన దేశంలో ఫ్రాన్స్ దరఖాస్తులు తీసుకునే బాధ్యత వీఎఫ్‌ఎస్ గ్లోబల్ అనే ప్రైవేటు సంస్థది. నిర్ణయం వారిది కాదు, కాన్సులేట్‌ది. అసలు పత్రాలు, నకళ్లు రెండూ తీసుకెళ్లండి. మొదటిసారి వెళ్లేవారు పది వేళ్ల ముద్రలు ఇవ్వాలి. 12 ఏళ్లలోపు పిల్లలకు ఆ మినహాయింపు ఉంది. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల పాటు పనికొస్తాయి.

వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి ఏమీ లేదు. తల్లిదండ్రులు, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు వెళ్తే మొత్తం 225 యూరోలు. కట్టేది రూపాయల్లోనే, సెంటర్ సేవా రుసుము దీనికి అదనం. ఎస్ఎంఎస్, కొరియర్, ప్రత్యేక లాంజ్ లాంటివన్నీ ఐచ్ఛికం. అవి కొన్నంత మాత్రాన వీసా తొందరగా రాదు. పాస్‌పోర్టులు వారి దగ్గరే ఉండిపోతాయి కాబట్టి ఆ రోజుల్లో వేరే విదేశీ ప్రయాణం పెట్టుకోకండి.

తిరస్కరిస్తే

కారణాలకు టిక్కు పెట్టిన ఫారం చేతికిస్తారు. ఫీజు వెనక్కి రాదు. ఒకే కుటుంబంలో కొందరికి వచ్చి ఒకరికి రాకపోవడం కూడా జరగొచ్చు, ఎందుకంటే ఎవరి ఫైలు వారిదే. నిర్ణయం తెలిసిన 30 రోజుల్లోగా ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో ఉన్న వీసా విభాగానికి అప్పీలు చేసుకోవచ్చు. లోపించింది ఒక పత్రమో, బలహీనంగా ఉన్న ఆదాయ రుజువో అయితే, దాన్ని సరిచేసి కొత్తగా దరఖాస్తు చేయడమే నయమని నా అభిప్రాయం.

పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ వచ్చాక

అక్కడికక్కడే చదవండి, అందరివీ. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎన్ని ప్రవేశాలు, ఎన్ని రోజులు. చెల్లుబాటు తేదీలకూ, ఉండగల రోజులకూ తేడా ఉంది. పైన చెప్పిన ప్రయాణానికి సింగిల్ ఎంట్రీ వీసా 2 నుంచి 26 దాకా చెల్లుతుందని ఉండొచ్చు, రోజులు మాత్రం 10 అనే ఉంటుంది. ఆ అదనపు 15 రోజులు ప్రయాణం ముందు వెనకలైతే సర్దుకోవడానికి, ఎక్కువ రోజులు ఉండటానికి కాదు. 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే ఈఈఎస్ పద్ధతిని దశలవారీగా తెచ్చారు. ఒక రోజు ఎక్కువున్నా అందులో తేలిపోతుంది. గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడిన భారతీయులకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇచ్చే వెసులుబాటు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ ప్రయాణంలో గడువు దాటితే రేపు దానికి అర్హత పోతుంది.

వీసా ఉన్నా ప్రవేశం హక్కు కాదు. విమానాశ్రయంలో హోటల్, తిరుగు టికెట్, బీమా అడగొచ్చు. ఆ కాగితాలు చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.

ఇక డబ్బు పెట్టి కొనాల్సినవి. ముందు విమానం టికెట్లు, వెంటనే ఈఫిల్ టవర్ లిఫ్టు టికెట్లు. అవి 60 రోజుల ముందు ఆన్‌లైన్‌లో తెరుచుకుంటాయి, రద్దీ రోజుల్లో త్వరగా అయిపోతాయి. లూవ్ర్‌కు యూరోపియన్ ఆర్థిక ప్రాంతం బయటి పెద్దలకు 2026 జనవరి నుంచి 32 యూరోలు, 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. కానీ రుజువుగా వారి వయసు చూపే గుర్తింపు పత్రం దగ్గర ఉండాలి.