స్లో కుక్కర్‌లో పాల కారమెల్ సాస్ ఎలా చేయాలి?

పంచదార కరిగించి కారమెల్ చేయాలంటే చాలామందికి భయం. అటు తిరిగి ఇటు చూసేలోగా మాడి చేదెక్కుతుంది. పాల కారమెల్‌తో ఆ టెన్షన్ లేదు. లాటిన్ అమెరికా దేశాల్లో దీన్ని దుల్సే దె లెచే అంటారు. వేడికి పాలలోని ప్రోటీన్లు, చక్కెరలు కలిసి నెమ్మదిగా రంగు మారతాయి. దీన్నే మైలార్డ్ చర్య అంటారు. దానికి పొయ్యి మీద పెద్ద మంట అక్కర్లేదు, గంటలు మాత్రం కావాలి. ఆ గంటలేవో స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) చూసుకుంటుంది.

కావలసినవి తక్కువే: సుమారు 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, బిగుతుగా మూతపడే 200–250 మి.లీ. గాజు సీసాలు రెండు, చిటికెడు ఉప్పు, ఇష్టముంటే అర చెంచా వెనిలా. పాలు పంచదార కలిపినవే అయి ఉండాలి.

డబ్బాను మూత తీయకుండా అలాగే నీళ్లలో ఉడికించేవాళ్లు ఉన్నారు. మీరు ఆ పని చేయకండి. లోపల ఒత్తిడి పెరిగి డబ్బా పేలితే కాలిన గాయాలవుతాయి. గాజు సీసాల్లో అయితే రంగు కూడా బయటికే కనిపిస్తుంది.

1. సీసాలు శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. పగుళ్లున్నవి పక్కన పెట్టేయండి.

2. పాలు పోసి, పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. అంచును తడిగుడ్డతో తుడిచి మూత బిగించండి. ఈ తుడవడం చిన్న పనే అనిపిస్తుంది కానీ, ఒకసారి నేను బద్ధకించి వదిలేశాను. రాత్రంతా ఉడికాక చూస్తే ఒక సీసాలోకి నీళ్లు దూరి, కారమెల్ బదులు పల్చటి తీపి నీళ్లు మిగిలాయి.

3. కుక్కర్ అడుగున గుడ్డ మడిచి పరచండి. దాని మీద సీసాలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, మూతలు మునిగి పైన మరో రెండు సెంటీమీటర్లు నిలిచేలా నీళ్లు పోయండి. చల్లటి సీసాల మీద మరిగే నీళ్లు పోస్తే గాజు పగులుతుంది, మామూలు నీళ్లు చాలు.

4. మూతపెట్టి ‘లో’ (తక్కువ వేడి) సెట్టింగ్‌లో 8 నుంచి 10 గంటలు ఉంచండి. 8 గంటలకు లేత రంగు వస్తుంది, 10 గంటలకు ముదురుతుంది. కుక్కర్‌ను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి చివర్లో గడియారం కంటే రంగునే నమ్మండి. నాకైతే ముదురుదే ఇష్టం, తీపి కాస్త తగ్గినట్టు ఉంటుంది.

5. స్విచ్ ఆపి, నీళ్లు గోరువెచ్చగా అయ్యేదాకా సీసాలను అందులోనే వదిలేయండి. వేడి సీసాను చల్లటి గట్టు మీద పెట్టినా, కుళాయి కింద పట్టినా పగలొచ్చు. వేడిగా ఉండగా మూత తీయొద్దు.

6. చల్లారాక ఉప్పు, వెనిలా వేసి గిలక్కొట్టండి. ఉండలు కనిపించినా కంగారు పడకండి, కలిపేకొద్దీ నున్నగా వచ్చేస్తుంది.

కండెన్స్‌డ్ మిల్క్ లేకపోతే లీటరు చిక్కటి పాలలో 300 గ్రాముల పంచదార, పావు చెంచా వంటసోడా కలిపి నేరుగా కుక్కర్‌లోనే చేసుకోవచ్చు. సోడా వల్ల పాలు విరగవు, రంగూ త్వరగా వస్తుంది. కాకపోతే నురగ పొంగుతుంది కాబట్టి గిన్నె సగానికి మించి నింపొద్దు. ఆవిరి పోవడానికి మూత ఓరగా పెట్టాలి, చివరి గంటల్లో తరచూ కలుపుతూ ఉండాలి. నిజం చెప్పాలంటే సీసాల పద్ధతే సుఖం.

చల్లారే క్రమంలో మూత టక్కుమని లోపలికి బిగుసుకుంటే, ఇక బయట పెట్టినా పాడవదని అనుకోకండి. పాలలో పులుపు ఉండదు కాబట్టి ఇంత వేడి అలాంటి నిల్వకు సరిపోదు. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, తడిలేని చెంచాతో తీసుకుంటూ రెండు వారాల్లో వాడేయండి. ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. సాస్‌లా జారాలంటే కావలసినంత వేరే గిన్నెలోకి తీసి, ఒకటి రెండు చెంచాల వేడి పాలు కలపండి.