పాత కీబోర్డు కడిగే ముందు

ముందు వైరు పీకేయండి. కీల వరుసను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే, తర్వాత ఏ కీ ఎక్కడిదో అన్న టెన్షన్ ఉండదు.

ఐబీఎం మోడల్ ఎం లాంటి కీబోర్డును మాత్రం దయచేసి నీళ్లలో ముంచకండి. లోపల పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. వాటి మధ్యకు చేరిన నీటి చుక్క రోజుల తరబడి ఆరదు. కీలు ఊడదీసి, వాటిని మాత్రమే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి. కీ అడుగున బోలు కాడలో తడి దాక్కుంటుంది, తిరగేసి బాగా విదిలించండి.

సర్క్యూట్ బోర్డు (చిప్‌లు అతికించిన పలక) కూడా కడగాల్సి వస్తే, దాని బ్యాటరీ తీయకుండా తడి చేయొద్దు. కుళాయి నీళ్లు ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి, అందుకే చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (త్వరగా ఆవిరయ్యే, సులువుగా అంటుకునే ద్రవం) వాడితే కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు. హెయిర్ డ్రయర్ వద్దు. ఫ్యాన్ గాలికి రెండు రోజులు ఆరనివ్వండి.