ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు దింపే ముందు ఎక్స్‌ట్రా డబ్బులు అడిగితే ఏం చేయాలి?

కొటేషన్‌లో 22,000 అన్నవాళ్లు, లారీ కొత్త ఇంటి ముందు ఆగాక 31,460 అనడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. సామాను మన ఇంట్లో ఉన్నంతసేపూ వాళ్లు దేనికైనా సరేనంటారు. లారీ ఎక్కించి తాడు బిగించాక మాత్రం బేరం చేతులు మారిపోతుంది, ఎందుకంటే ఫ్రిజ్జు, పరుపులు, గ్యాస్ పొయ్యి, పిల్లల స్కూల్ యూనిఫాంలు అన్నీ వాళ్ల దగ్గరుంటాయి, మీరేమో పాలు పొంగించుకోవడానికి గిన్నె కూడా లేకుండా ఖాళీ ఇంట్లో నిలబడి ఉంటారు. అందుకే ఈ గొడవలో కోపం కన్నా రెండు విషయాలే పనికొస్తాయి: చేతిలో కాగితం, ఇంకా ఇవ్వని డబ్బు.

లారీ ఇప్పటికే గుమ్మం ముందు ఉండి మీరు ఇది చదువుతుంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. వచ్చేసారి జాగ్రత్తలు చివర్లో చెప్తాను.

1. నోటిమాట ఆపి రాతలోకి రండి

డ్రైవర్‌ని అడిగితే "నాకేం తెల్వదు సార్, పైసలు పడితేనే తాడు ఇప్పమన్నరు, ఆఫీసుతో మాట్లాడుకోండి" అంటాడు. ఆఫీసుకు చేస్తే "అది డ్రైవర్ దగ్గర చూసుకోండి మేడమ్" అంటారు. డ్రైవర్ అబద్ధం చెప్తున్నాడనే అనుకోనక్కర్లేదు. చాలాసార్లు మీతో బేరం కుదుర్చుకున్నవాడు కమీషన్ ఏజెంటు, లారీ ఇంకొకరిది, దింపే కూలీలు మూడో మనిషి తెచ్చినవాళ్లు, ఏజెంటు లారీ కిరాయి ఎగ్గొడితే ఆ డబ్బు మీ దగ్గరే వసూలు చేసుకోవాలని డ్రైవర్ చూస్తాడు. ఆ కిరాయి లెక్క వాళ్లిద్దరి మధ్యది. మీ ఒప్పందం మీకు కొటేషన్ ఇచ్చిన కంపెనీతోనే.

కాబట్టి ఫోన్‌లో అరుచుకోకుండా కంపెనీకి వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న పంపండి: "కొటేషన్‌లో లేని ఏ ఛార్జీ, ఎంత, దేనికి? విడివిడిగా రాయండి." అరగంట ముందు "అన్నీ కలిపి ఇంకో తొమ్మిది వేలు" అన్నవాళ్లు, విడగొట్టి రాయమంటే సగం ఛార్జీలకు పేరు పెట్టలేక తడబడతారు. ఈలోగా నంబర్ ప్లేటు కనిపించేలా లారీ ఫోటో, డ్రైవర్ ఫోన్ నంబరు, సీళ్లు ఎలా ఉన్నాయో ఒక చిన్న వీడియో తీసి పెట్టుకోండి.

2. ఒక్కో ఛార్జీని విడిగా చూడండి

అడిగిందల్లా మోసం అనుకుంటే మీరే ఇబ్బంది పడతారు. కొన్ని నిజంగా ఇవ్వాల్సినవే.

జీఎస్టీతో మొదలుపెడదాం. కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉందేమో చూడండి. ప్యాకింగ్, లోడింగ్, రవాణా అన్నీ కలిపి చేసే సర్వీసుకు సాధారణంగా 18 శాతం పడుతుంది, ఉత్త రవాణా బిల్లయితే 5 శాతం కూడా ఉండొచ్చు. 22,000 మీద 18 శాతం అంటే 3,960. ఆ మాట కొటేషన్‌లో రాసి ఉండి, జీఎస్టీ నంబరుతో సరైన బిల్లు ఇస్తే అది ఇవ్వాల్సిందే, దాని మీద గొడవ పెట్టుకుంటే మిగతా వాటి మీద మీ మాటకు బలం పోతుంది. బిల్లు లేదు, తెల్లకాగితం మీద "టాక్స్" అని రాసి అడుగుతున్నారంటే మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఆ పన్ను వసూలు చేసే హక్కే లేదు.

చెక్‌పోస్టు ఖర్చు, ఎంట్రీ టాక్స్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఛార్జీ అనే మూడూ హైదరాబాద్ నుంచి బెంగళూరుకో చెన్నైకో మారేవాళ్ల దగ్గర బాగా అడుగుతారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఎంట్రీ టాక్స్ అందులో కలిసిపోయింది, వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఇక ఈ-వే బిల్లు సంగతంటారా, వాడిన ఇంటి సామానుకు జీఎస్టీ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. ఇదంతా ఒక్క వాక్యంలో వాట్సాప్‌లో రాసి పంపితే ఈ మూడు ఛార్జీలూ చాలావరకు మాయమవుతాయి. బండికి కాగితాలు లేక దారిలో జరిమానా పడిందంటే అది లారీ ఓనర్ తలనొప్పి.

టోల్ ఎవరిదో కొటేషన్‌లో ఉండాలి. మీదే అని ఉంటే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ చూపించమనండి, ఎక్కడెక్కడ ఎంత కట్టారో అందులో ఉంటుంది. ఒక విషయం గుర్తుపెట్టుకోండి, పార్ట్ లోడ్ అయితే అదే లారీలో ఇంకో మూడు ఇళ్ల సామాను ఉంటుంది, మొత్తం టోలు మీ ఒక్కరి నెత్తిన రుద్దడం కుదరదు.

సామాను పెరిగింది అనేది అసలు తగాదా. ఇక్కడ నిజాయితీగా చూసుకోవాలి. సర్వే అప్పుడు హాలు, బెడ్‌రూములు చూపించి, బాల్కనీలో పూలకుండీలు, అటక మీద ఇత్తడి బిందెలు, ఇన్వర్టర్ బ్యాటరీ, పాత సైకిలు లెక్కలో చెప్పకపోతే ఆ అదనం న్యాయమే, దాన్ని బేరమాడి ఇచ్చేయండి. కానీ మీరు చూపించిన లిస్టులో ఉన్న వస్తువులే ఉండి, "టాటా ఏస్ సరిపోలేదు, డీసీఎం పెట్టాల్సి వచ్చింది" అంటే అది అంచనా వేసిన వాళ్ల లెక్క తప్పు, దానికి మీరెందుకు కట్టాలి? పైగా ఆ మాట లోడింగ్ అప్పుడే చెప్పి మీ ఒప్పుకోలు తీసుకోవాలి.

అంతస్తు ఛార్జీ కూడా అంతే. మూడో అంతస్తు, లిఫ్టు లేదు అని ముందే చెప్పి ఉంటే మళ్లీ అడగకూడదు. గేటెడ్ కమ్యూనిటీలో సామాను లిఫ్టులో పెట్టనివ్వకపోవడం, ఆదివారం షిఫ్టింగ్ వద్దనడం, మూవ్-ఇన్ ఫీజు అడగడం లాంటివి మూవర్ల తప్పు కాదు, అవి మీరు అసోసియేషన్‌తో ముందే తేల్చుకోవాల్సినవి. అందువల్ల లారీ ఒక రోజు ఆగితే హాల్టింగ్ ఛార్జీ అడగడం సబబే. పగటిపూట పెద్ద లారీలు ఊళ్లోకి రానివ్వరు కాబట్టి ఆగాం అంటే మాత్రం ఆ రూలు రోజూ అదే పని చేసే వాళ్లకు తెలియనిదేం కాదు.

ఇన్సూరెన్స్ పేరుతో సామాను విలువ మీద మూడు శాతం లాంటివి తీసుకుంటారు. పాలసీ కాపీ అడగండి. అందులో ఏదో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉండాలి. అవి లేకుండా మూవర్ల లెటర్‌హెడ్ మీదే రాసి ఇస్తే అది వాళ్ల హామీ కాగితం మాత్రమే. సామాను వచ్చేశాక దానికి డబ్బు అడిగితే నవ్వొస్తుంది, ప్రయాణం అయిపోయాక ప్రయాణానికి బీమా ఏంటి?

ఇక కూలీలు అడిగే టీ డబ్బులు. మీ ఇష్టం. నేనైతే ఇస్తాను, బీరువా మూడంతస్తులు మోసినవాళ్లకి వందో రెండొందలో ఇవ్వడానికి కంపెనీ మీద కోపం అడ్డు రానివ్వకూడదు. కానీ అది అన్నీ దించి, మంచాలు బిగించాకే.

3. ఒప్పుకున్న డబ్బు సిద్ధంగా ఉందని రాసి పంపండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. ఒప్పుకున్న కిరాయి బాకీ ఉంటే రవాణా చేసినవాడు సరుకు ఆపుకోవచ్చు, కాబట్టి ఆ సాకు వాళ్లకు దొరకకూడదు. ఇలా రాయండి:

"మీ కొటేషన్ ప్రకారం జీఎస్టీతో కలిపి మొత్తం 25,960. అందులో 8,000 అడ్వాన్సు ఇచ్చాను. మిగతా 17,960 ఇప్పుడే కంపెనీ ఖాతాకు పంపడానికి సిద్ధం. అదనంగా అడుగుతున్న 5,500కు నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ డబ్బు కోసం సామాను దించకుండా ఆపితే పోలీసులకు, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాను."

ఇందులో బెదిరింపు లేదు, తిట్టు లేదు, లెక్క ఉంది. తర్వాత ఎవరికి చూపించినా విషయం వెంటనే అర్థమవుతుంది. డబ్బు డ్రైవర్ సొంత నంబరుకు ఫోన్‌పేలో వేయకండి, తర్వాత "మాకు అందలేదు" అంటారు.

4. అయినా దించకపోతే 112

పోలీసులకు "రేటు ఎక్కువ అడుగుతున్నారు" అని చెప్తే "అది మీరూ మీరూ చూసుకోండి" అని పంపించేస్తారు. విషయం ఉన్నదున్నట్టు ఇలా చెప్పండి: నమ్మి అప్పజెప్పిన సామాను పట్టుకుని, ఒప్పందంలో లేని డబ్బు ఇస్తేనే ఇస్తామంటున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ నమ్మకద్రోహం గురించి, అందులోనూ రవాణాదారు చేస్తే ఏడేళ్ల వరకు శిక్ష గురించి చెప్తుంది, 308 బలవంతపు వసూలు గురించి. సెక్షన్లు వల్లించి కానిస్టేబుల్‌కు పాఠం చెప్పమనడం లేదు. కొటేషన్, మీ వాట్సాప్ మెసేజ్, లారీ నంబరు చూపించండి చాలు. ఎఫ్ఐఆర్ దాకా వెళ్లకుండా స్టేషన్ నుంచి ఒక ఫోన్ వెళ్తేనే తాడు విప్పిన సందర్భాలే ఎక్కువ.

లారీ అసలు రాలేదు, ఫోన్లు స్విచాఫ్, అడ్వాన్సు ఆన్‌లైన్‌లో పోయింది అంటే అది సైబర్ మోసం కిందికి వస్తుంది, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

5. తప్పక ఇవ్వాల్సి వస్తే

రాత్రి పదకొండయింది, ఇంట్లో చంటిబిడ్డ, అమ్మ బీపీ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో తెలియదు. అలాంటప్పుడు ఐదు వేల కోసం తెల్లవార్లూ రోడ్డు మీద నిలబడమని ఎవరూ చెప్పలేరు. ఇచ్చేయండి, కానీ ఆన్‌లైన్‌లో ఇవ్వండి, ఇచ్చే ముందు "ఈ 5,500 అభ్యంతరంతో, సామాను విడిపించుకోవడానికి మాత్రమే ఇస్తున్నాను, తిరిగి అడుగుతాను" అని మెసేజ్ పెట్టండి. నోట్లు ఇస్తే రసీదు ఉండదు. కోపంలో "నాకొద్దు, లారీ వెనక్కి తీసుకెళ్లు" మాత్రం అనకండి, గోడౌన్ అద్దె పేరుతో ఇంకో బిల్లు మొదలవుతుంది.

దించాక సంతకం పెట్టమనే కాగితంలో "అన్నీ సరిగ్గా అందాయి, ఏ ఫిర్యాదూ లేదు" అని ముందే అచ్చు వేసి ఉంటుంది. డబ్బాలు లెక్కపెట్టి, పగిలినవి, రానివి, ఎక్కువ తీసుకున్న డబ్బు అన్నీ ఆ కాగితం మీదే రాసి, ఆ తర్వాత సంతకం పెట్టి ఫోటో తీసుకోండి. వస్తువులు పాడైతే లేదా పోతే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెప్తుంది, ఈ గడువు చాలామందికి తెలియక పోగొట్టుకుంటారు.

6. డబ్బు వెనక్కి అడగడం

ముందు కంపెనీకి ఈమెయిల్, పదిహేను రోజుల గడువుతో. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు, వాట్సాప్‌లో అయితే 8800001915. వాళ్లు తీర్పు చెప్పలేరు, కంపెనీకి పంపి సర్దుబాటు చేయిస్తారు. పేరు చెడుతుందని భయం ఉన్న కంపెనీలు ఇక్కడే దిగొస్తాయి. ఊరూ పేరూ లేనివాళ్లు పట్టించుకోరు.

అప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అంటే మియాపూర్‌లో బుక్ చేసుకుని వైజాగ్‌లో దిగినవాళ్లు హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు చెల్లించింది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, గడువు రెండేళ్లు. 5,500 కోసం ఇంత అవసరమా అంటే, ఆ మొత్తంతో పాటు ఇబ్బంది పెట్టినందుకు పరిహారం, కేసు ఖర్చులు కూడా అడగొచ్చు. నెలలు పడుతుందని మాత్రం మానసికంగా సిద్ధపడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు డాలస్ నుంచి న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు మారితే అక్కడి రూలు ఇంకా సూటిగా ఉంది. నాన్-బైండింగ్ ఎస్టిమేట్ (చివరి బిల్లు మారే అవకాశం ఉన్న అంచనా) అయితే అంచనాలో 110 శాతం కట్టగానే సామాను ఇచ్చేయాలి, మిగతాదేమైనా ఉంటే 30 రోజుల తర్వాతే బిల్లు వేయాలి, బైండింగ్ (మారని అంచనా) అయితే రాసిన మొత్తానికే దించాలి. ఒకే రాష్ట్రం లోపల మారితే ఈ ఫెడరల్ రూలు వర్తించదు, ఆ రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి.

7. వచ్చేసారి బుకింగ్ అప్పుడు

అటక, బాల్కనీ, మంచం కింద కూడా చూపిస్తూ వీడియో కాల్‌లో సర్వే చేయించి, ఆ లిస్టు కొటేషన్‌లోకి ఎక్కించమనండి. "ప్యాకింగ్, లోడింగ్, టోల్, అంతస్తు, దింపడం, జీఎస్టీ అన్నీ కలిపి ఇంత, ఇంతకు మించి లేదు" అనే మాట వాళ్ల చేత రాయించండి. నోటితో వందసార్లు చెప్పి రాయడానికి వెనకాడుతున్నారంటే ఇంకొకరిని చూసుకోవడం మేలు, నలుగురిలో అందరికన్నా చాలా తక్కువ చెప్పినవాడిని కూడా అంతే అనుమానంగా చూడండి.

జీఎస్టీ నంబరు తీసుకుని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, పేరు, చిరునామా బయటికి వస్తాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. "మాది హైదరాబాద్ ఆఫీసే" అంటూ నంబరు ఇంకేదో రాష్ట్రంతో మొదలైతే అడగాల్సిందే. బాగా పేరున్న కంపెనీ పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించి పెట్టుకున్నవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, పేరు చూసి మోసపోకండి.

అడ్వాన్సు తక్కువ, లోడయ్యాక కొంత, పెద్ద భాగం మాత్రం దించాకే. లోడింగ్ అప్పుడే తొంభై శాతం కట్టమనే వాళ్లతో బేరం మొదలుపెట్టకండి. లారీ కదిలే ముందు మీ పేరు, సామాను లిస్టు, బండి నంబరు ఉన్న ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ తీసుకోండి, డబ్బాలకు మీరే నంబర్లు వేయండి, మందులు, సర్టిఫికెట్లు, బంగారం, రెండు జతల బట్టలు, ఒక పాలగిన్నె మీ కారులోనే పెట్టుకోండి. అవి మీ దగ్గరుంటే లారీ ఒక పూట బయట ఆగినా మీకు తొందరేమీ ఉండదు, కిరాయి లారీని ఖాళీ చేసుకోవాల్సిన తొందర వాళ్లకే ఉంటుంది.