మామిడి కుల్ఫీలో ఐసు పలుకులు రాకుండా

రసాల సీజన్ అయిపోయేలోపు మామిడి కుల్ఫీ చేసి ఫ్రీజర్‌లో దాచుకునేవాళ్లకు ఒక మాట. పాలు సగానికి మరిగి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపండి. వేడి మీద కలిపితే విరిగిపోతాయి. చిన్న రసాలైతే పీచు వడకట్టాలి, బంగినపల్లికి ఆ తిప్పలు తక్కువ. పంచదార ఒక చెంచా ఎక్కువే వేయండి, గడ్డకట్టాక తీపి తగ్గినట్టు ఉంటుంది. డబ్బా అంచుదాకా నింపకుండా వేలి మందం ఖాళీ వదిలి, కుల్ఫీకి అంటుకునేలా పైన ప్లాస్టిక్ కవర్ పరిచి మూత బిగించండి. పైన గాలి ఉంటే ఆ కరకరలాడే పలుకులు ఎక్కువగా వస్తాయి. పోయినేడాది నేను కవర్ వేయలేదు, పక్కనున్న చేపల వాసన మొత్తం పట్టేసింది! ఫ్రూట్ కస్టర్డ్ మాత్రం ఇలా దాచకండి, కరిగాక ద్రాక్ష మెత్తబడి అంతా నీళ్లు నీళ్లవుతుంది.