బస్సు డ్రైవర్‌కి లారీ రూల్ పెట్టిన ఈ-లాగ్

అమెరికాలో చార్టర్ బస్సుల డిస్పాచ్ చూస్తాను. డ్రైవర్ల డ్రైవింగ్, విశ్రాంతి గంటలు నమోదు చేసే కొత్త ఈ-లాగ్ పరికరాలు బిగించాక, రూల్ తప్పని డ్రైవర్లకి కూడా ఎర్ర హెచ్చరికలు రావడం మొదలైంది. అందరికీ టెన్షన్.

సెట్టింగులు వెతికితే దొరికింది. అమ్మినవాళ్లు సరుకు లారీల రూల్‌తోనే ఇచ్చారు: 10 గంటల విశ్రాంతి తర్వాత 11 గంటల డ్రైవింగ్, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే. ప్రయాణికుల బస్సుకి 8 గంటల విశ్రాంతి చాలు, డ్రైవింగ్ 10 గంటలే, డ్యూటీ 15 గంటలు. పైగా లారీకి ఆ 14 గంటల గడియారం మామూలుగా ఆగదు. బస్సుకి ఆఫ్ డ్యూటీ సమయం 15 గంటల్లోకి రాదు. టూరిస్టులను దింపి మధ్యాహ్నమంతా ఖాళీగా ఉండే డ్రైవర్‌కి ఇదే కీలకం. (ఆ ఖాళీలో బస్సు బాధ్యత అతని మీద ఉండకూడదు సుమా!)

నాకు ఎక్కువ భయం వేసింది 11వ గంట చూసి. బస్సుకి అది ఉల్లంఘన, పరికరమేమో పచ్చగా చూపిస్తోంది.

పోర్టల్‌లో ఒక్కో డ్రైవర్ ప్రొఫైల్ తెరిచి ప్రయాణికుల వాహనం రూల్‌కి మార్చాను. డ్రైవర్లు లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాకే అది అమల్లోకి వచ్చింది. పాత లాగుల్లో పరికరం దానంతటదే నమోదు చేసిన డ్రైవింగ్ సమయాన్ని తగ్గించడం కుదరదు, కాబట్టి కారణం నోట్‌గా రాసి వదిలేశాం.