కొత్త వైద్యం పనిచేసిందా? నాలుగో పాఠం: లూటీ (ఫిస్టులా) ‘మానింది’ అని ఎప్పుడనాలి

పోయిన పాఠంలో చీట్లు తీసి రోగుల్ని రెండు జట్లుగా విడగొట్టడం చూశాం. ఇప్పుడు అసలు చిక్కుకొద్దాం. మానిందని తేల్చేదెలా? ఈ సంగతి నేర్చుకోవడానికి ఫిస్టులాను మించిన జబ్బు లేదు. మనవాళ్లు లూటీ అంటారు, ఆయుర్వేదంలో భగందరం. మలద్వారం లోపలి గ్రంథికి చీము పట్టి, పక్కనున్న చర్మం దాకా సొరంగంలా తొలుచుకుని బయటపడుతుంది. పైకి మూసుకున్నట్టే ఉంటుంది, నెల తిరక్కుండా మళ్లీ బట్టకు తడి. సిగ్గుకొద్దీ ఇంట్లోవాళ్లకే చెప్పరు. ఫోన్ చేసి “తగ్గిందామ్మా?” అంటే “ఆఁ, తగ్గిందండీ” అనేస్తారు. ఆ మాటను ఫలితంగా రాసుకున్న పరీక్ష చెత్తబుట్టకే.

సరిగ్గా చూడటమంటే ఇలా: డాక్టరు రంధ్రం పక్కన వేలితో మెల్లగా నొక్కుతారు. గాజుగుడ్డకు చీము చుక్క అంటిందా, మానలేదన్నమాటే. గట్టి పరీక్షల్లో దీనికి తోడు ఎమ్మారై తీసి, లోపల 2 సెంటీమీటర్లు మించిన చీము గూడు లేదని కూడా తేల్చుకుంటారు. చూసే డాక్టరుకు ఎవరు ఏ జట్టో తెలియకూడదు.

ఎప్పుడు చూశారన్నది ఇంకో ప్రశ్న. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలు పూసిన దారాన్ని సొరంగంలోంచి దూర్చి కట్టి, వారం వారం మార్చే వైద్యం క్షారసూత్రం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దీన్ని 502 మంది మీద ఆపరేషన్‌తో పోల్చి, 1991లో ఫలితాలు ప్రచురించింది. మానడానికి దారంతో 8 వారాలు పట్టింది, ఆపరేషన్‌తో 4. ఐదో వారంలో లెక్క ముగించి ఉంటే ఆపరేషనే గెలిచేది. కానీ తర్వాత కూడా గమనిస్తూ పోతే, తిరగబెట్టింది దారం జట్టులో నూటికి నలుగురికి, ఆపరేషన్ జట్టులో 11 మందికి.

ఇక దేనితో పోల్చారన్నది. నన్నడిగితే అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. క్రోన్స్ అనే పేగు జబ్బుతో వచ్చే మొండి ఫిస్టులాలకు, దాతల కొవ్వులోంచి తీసిన మూలకణాలను (స్టెమ్ సెల్స్) ఇంజెక్షన్‌గా ఇచ్చే డార్వాడ్‌స్ట్రోసెల్ అనే మందుకు ఐరోపా 2018లో అనుమతినిచ్చింది. 212 మందితో చేసిన పరీక్షలో, 24 వారాలకు మూలకణాల జట్టులో నూటికి 50 మందికి మానింది. ఉత్త సెలైన్ ఇచ్చిన జట్టులోనూ 34 మందికి మానింది! ఉప్పునీళ్లకు లూటీ మానడమేమిటంటారా? ఆ జట్టుకు కూడా సొరంగాన్ని గీకి శుభ్రం చేశారు, లోపలి రంధ్రాన్ని కుట్టారు. ఆ పనికే కొందరికి మానుతుంది. తర్వాత 568 మందితో మరో పరీక్ష చేస్తే మానింది మూలకణాల జట్టులో నూటికి 48.8 మందికి, సెలైన్ జట్టులో 46.3 మందికి. తేడా దాదాపు మాయం. 2024లో ఆ మందును ఐరోపాలో ఉపసంహరించుకున్నారు. పోల్చడానికి రెండో జట్టే లేకపోయి ఉంటే, “సగం మందికి నయం” అన్న ఒక్క ముక్కతో అది ఇంకా అమ్ముడవుతుండేది. పైగా మన దగ్గర ఎక్కువమందికి లూటీ వచ్చేది క్రోన్స్ వల్ల కాదు, మామూలు చీముగడ్డ వల్ల. అంచేత ఈ అంకెల్ని వాళ్లకు నేరుగా అంటగట్టకూడదు.

అభ్యాసం (లెక్క నేను కల్పించిందే): శ్రీకాకుళం తీరంలో 30 మందికి ఒక కొత్త వైద్యం చేశారు. ఆరు నెలలకు 20 మందే తిరిగొచ్చి చూపించుకున్నారు. వాళ్లలో 18 మందికి మానింది. మిగతా పదిమంది గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లిపోయారు. కరపత్రంలో “నూటికి 90 మందికి నయం” అని వేశారు. మొదలుపెట్టిన 30 మందితో భాగించి, రాని వాళ్లను మాననివాళ్లుగా పట్టి చూడండి: 60 వస్తుంది. ఆ పదిమందిలో ఏడుగురికి నిజంగా మాని ఉంటే ఎంత? ఒక్కరికీ మానలేదని తేలితే, కరపత్రంలో ఏ వాక్యం మార్చాలి? ఈ పరీక్షలో ఇంకో పెద్ద లోపం కూడా ఉంది, పట్టుకోండి.

జవాబులు ఐదో పాఠంలో. అందులోనే సొరంగం మానినా మలం ఆపుకోలేని ఇబ్బంది వచ్చినవాళ్లను ఏ ఖాతాలో వేయాలో చూద్దాం.