వీధిలో పార్కింగ్ నిషేధం ప్రతిపాదిస్తే అభ్యంతరం ఎలా ఇవ్వాలి: అనంతపురం వాసులకు దరఖాస్తు విధానం

అనంతపురం సాయినగర్‌లో ఆసుపత్రులు, ల్యాబులు, మందుల అంగళ్లు, కాపురముండే ఇళ్లు ఒకే వీధిలో కలిసిపోయి ఉంటాయి. అలాంటి చోట "ఈ వీధిలో ఒక పక్క పార్కింగ్ నిషేధం" అని ప్రతిపాదన వస్తే రోగిని తెచ్చేవాళ్లు, అంగడివాళ్లు, అద్దెకున్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఇబ్బంది పడతారు. అభ్యంతరం చెప్పడానికి చట్టంలో ప్రత్యేకమైన ఫారం లేదు. తెల్లకాగితం మీద అర్జీ రాస్తే చాలు, రుసుము కూడా ఉండదు.

చిక్కంతా అర్జీలో ఏం రాస్తామన్న దగ్గరే వస్తుంది. "మాకు ఇబ్బందిగా ఉంది, రద్దు చేయండి" అని రెండు ముక్కలు రాసిస్తే అధికారికి మిగిలేవి రెండే దారులు: ప్రతిపాదన మొత్తం తీసేయడం, లేదా మీ అర్జీని పక్కన పెట్టడం. మొదటిది దాదాపు జరగదు. ఏ పక్క, ఏ గంటలు, ఎన్ని అడుగులు అని రాసిన అర్జీ మీద మాత్రం ఫైలులో సవరణ రాయడానికి వీలుంటుంది.

ముందు నోటీసు చదవండి

నోటీసు గోడకు అంటించి ఉంటే మొత్తం పేజీ కనబడేలా ఫోటో తీసుకోండి. ఫైలు నంబరు, తేదీ, సంతకం ఎవరిది, ఏ ఇంటి నుంచి ఏ కూడలి వరకు, ఏ పక్క, ఏ గంటలు, ఏ రకం బండ్లు, అభ్యంతరాలకు చివరి తేదీ ఎప్పుడు అన్నవి చూడాలి. వీటిలో ఒకటి నోటీసులో లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం. "ఫలానా వీధిలో" అని మాత్రమే ఉండి మొదలు, చివర చెప్పకపోతే బోర్డు ఎక్కడ పాతుతారో ఎవరికీ తెలియదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 117 ప్రకారం బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన సంస్థ. అదీ స్థానిక సంస్థతో, అంటే ఇక్కడ నగరపాలక సంస్థతో సంప్రదించాకే. కాబట్టి పోలీసుల వైపు నుంచి ప్రతిపాదన వస్తే నగరపాలక సంస్థ అభిప్రాయం తీసుకున్నారా అని అడగడం న్యాయమైన ప్రశ్నే. అభ్యంతరాలకు ఇన్ని రోజులు ఇవ్వాలని ఆ సెక్షన్‌లో లేదు. నోటీసులో ఉన్న గడువే గడువు. తేదీ ఏమీ వేయకపోతే వారం పది రోజులు ఆగకుండా వెంటనే ఇచ్చేయండి.

కొన్నిచోట్ల ప్రతిపాదన ఉన్నా లేకున్నా బండి పెట్టకూడదు. ఫుట్‌పాత్ మీద, కూడలి దగ్గర, ఇతరుల గేటుకు అడ్డంగా పార్కింగ్‌ను 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు ముందే నిషేధించాయి. ఆ స్థలాలు వదులుకోనంటూ అర్జీ పెడితే మిగతా న్యాయమైన మాటలు కూడా తేలిపోతాయి.

టేపు పట్టి కొలవండి

అర్జీకి బలం ఇక్కడే వస్తుంది, దీనికి ఒక పూట వెచ్చించినా తప్పులేదు. ముందు ఒక పక్క కాలువ అంచు నుంచి అవతలి కాలువ అంచు వరకు వెడల్పు కొలవండి. మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చినదే రాయండి. కారు వెడల్పు దాదాపు 6 అడుగులు. తలుపు తీయడానికి, అంచు వదలడానికి కలిపి 7 అడుగులు పట్టుకోండి. 30 అడుగుల రోడ్డులో రెండు పక్కలా కార్లు నిలిస్తే నడుమ 16 అడుగులు మిగులుతుంది. 20 అడుగుల సందులో అయితే మిగిలేది 6 అడుగులే, అంబులెన్సు దూరదు. 20 అడుగుల సందులో రెండు పక్కలా పార్కింగ్ కావాలని అడిగితే నెగ్గదు, అడగకపోవడమే మంచిది. ఒక పక్క అడిగితే 13 అడుగులు మిగులుతుంది, ఆ అర్జీకి ఆధారం ఉంటుంది.

తర్వాత గేట్లు లెక్కపెట్టాలి. కాగితం మీద లెక్క వేసేవాళ్లు తరచూ తప్పేది ఇక్కడే. 30 అడుగుల ముఖం ఉన్న ఇళ్లు వరుసగా పన్నెండు ఉన్నాయనుకోండి, మొత్తం 360 అడుగులు. వరుసలో ఒక కారు నిలిచి, బయటికి రావడానికి 20 అడుగులు పడుతుంది కనుక 18 కార్లు పడతాయని లెక్క వస్తుంది. కానీ ఒక్కో ఇంటికి 12 అడుగుల గేటు పోతే గేటుకూ గేటుకూ నడుమ మిగిలేది 18 అడుగులు. అందులో 13 అడుగుల లోపు పొడవున్న చిన్న కారు ఒక్కటే సులువుగా పడుతుంది. అంటే 12 కార్లే, అవీ చిన్నవి. "అవతలి పక్క 18 కార్లకు చోటుంది కదా" అని ప్రతిపాదనలో రాసి ఉంటే, గేట్లు చూపిస్తూ మీరు చేత్తో గీసిన పటం దాన్ని నేరుగా సరిచేస్తుంది.

ఉదయం 7, పగలు 11, సాయంత్రం 6, రాత్రి 10 గంటలకు ఒక మామూలు రోజు, ఒక ఆదివారం ఏ పక్క ఎన్ని కార్లు, ఎన్ని ద్విచక్ర వాహనాలు, ఎన్ని ఆటోలు ఉన్నాయో రాసుకోండి. ఓపీ (బయటి రోగులను చూసే విభాగం) ఉన్న వీధుల్లో పగలు 11 గంటలకు నిండిపోయి రాత్రి 10కి ఖాళీ అయితే, 24 గంటల నిషేధం అక్కర్లేదని మీ పట్టికే చెబుతుంది. ఫోటోల్లో బండ్ల నంబర్లు, మనుషుల ముఖాలు పడకుండా చూసుకోండి. ఇది పొరుగువారి మీద ఫిర్యాదు కాదు.

ఇంకో జాగ్రత్త. మీ ఇంటి ర్యాంపు, మెట్లు, జగిలి (అరుగు) కాలువ దాటి రోడ్డు మీదికి వచ్చాయేమో ముందే చూసుకోండి. అర్జీ ఇస్తే తనిఖీకి వస్తారు, వచ్చినవాళ్లు టేపు తెస్తారు. "మా ఇంటి ముందు జాగా మాది" అనే వాదన కూడా రాయొద్దు. రోడ్డు అందరిదీ.

అర్జీలో ఏం ఉండాలి

నగరపాలక సంస్థ కమిషనర్‌కు రాసి, నకలు ట్రాఫిక్ పోలీసు స్టేషన్‌కు పెట్టండి. పెద్ద రోడ్డయితే అది ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖదా, జాతీయ రహదారుల విభాగానిదా అని వార్డు సచివాలయంలో ప్రణాళిక కార్యదర్శిని అడిగి, వాళ్లకూ ఒక నకలు పంపండి. విషయం దగ్గర నోటీసు నంబరు, తేదీ తప్పనిసరి. అసలు మాట ఇలా ఉండొచ్చు:

"ఈ వీధి వెడల్పు 30 అడుగులు. ఉత్తరం పక్క రోజంతా పార్కింగ్ నిషేధించాలన్న ప్రతిపాదనకు మా అభ్యంతరం. జతచేసిన పట్టిక ప్రకారం రద్దీ ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు, సాయంత్రం 5 నుంచి రాత్రి 8 వరకే ఉంది. నిషేధాన్ని ఆ గంటలకే పరిమితం చేయాలని, ఆసుపత్రి గేటు ముందు రోగులను దించడానికి వీలు ఉంచాలని కోరుతున్నాము."

రోగులను దించే మాట రాసేటప్పుడు బోర్డుల తేడా తెలిసి ఉండాలి. నీలం మీద ఎర్ర అంచు, ఒకే ఎర్ర గీత ఉంటే పార్కింగ్ వద్దని. రెండు గీతలు అడ్డంగా కోసుకుంటే అసలు బండి ఆపనే కూడదు. ఆసుపత్రి ముందు రెండు గీతల బోర్డు పడితే ముసలివాళ్లను దించే ఆటో కూడా తప్పు చేసినట్టే. అక్కడ ఒక గీత బోర్డు చాలని ప్రత్యేకంగా అడగండి.

సంతకాల పేజీలో పేరు, ఇంటి నంబరు, సొంతమా అద్దెనా, ఫోన్ నంబరు, సంతకం అని గడులు గీయండి. ఇంటి నంబర్లు లేని యాభై సంతకాల కంటే అదే వీధిలో ఉంటున్నట్టు తేలే పదిహేను సంతకాలకు విలువ ఎక్కువ. మురుగు కాలువ, వీధిదీపాలు, కుక్కల సంగతి ఇందులో కలపొద్దు. కలిపితే అర్జీ పారిశుద్ధ్య విభాగానికి పోయి, కాలువ తీశామన్న జవాబుతో మూతపడుతుంది.

ఎక్కడ ఇవ్వాలి

నగరపాలక సంస్థలో ఉత్తరాలు, అర్జీలు తీసుకునే తపాల్ సెక్షన్‌కు రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ (నమోదు) నంబరు వేయించుకోండి. ముద్ర లేని ప్రతి ఉన్నా లేనట్టే. నేరుగా పోలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

దానితోపాటు సోమవారం కలెక్టరేట్‌లోని ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ, ప్రభుత్వం అర్జీలు తీసుకునే మీకోసం పోర్టల్‌లో గానీ నమోదు చేయించండి. ఆధార్, ఫోన్ నంబరు అడుగుతారు. శాఖ ఎంచుకునేటప్పుడు ఆపరేటర్ పక్కనే ఉండి చూడండి. రెవెన్యూ అని పడితే అర్జీ తహసీల్దార్ దగ్గరికి పోయి తిరిగి రావడానికి రోజులు పడుతుంది, ఆలోగా నోటీసు గడువు దాటిపోవచ్చు. నమోదు సంఖ్యతో 1100కు ఫోన్ చేస్తే స్థితి చెబుతారు. "సంబంధిత శాఖకు పంపాము" అని రాసి మూసేస్తే అది పరిష్కారం కాదు, తిరిగి తెరవమని అడగండి.

జవాబు రాకుండానే బోర్డులు పాతితే సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. తెల్లకార్డు ఉన్నవారికి రుసుము లేదు, కార్డు నకలు జతచేయాలి. ప్రతిపాదన ఫైలు, స్థల తనిఖీ నివేదిక, వచ్చిన అభ్యంతరాల జాబితా, వాటిపై తీసుకున్న నిర్ణయం నకళ్లు కావాలని విడివిడిగా అడగండి. "ఎందుకు పాతారు" అని ప్రశ్నగా రాస్తే, అడిగింది సమాచారం కాదని తిరగ్గొట్టే వీలుంది. పరిపాలనా నిర్ణయాలకు కారణాలు వాటివల్ల ప్రభావితులైనవారికి తెలపాలని అదే చట్టంలోని సెక్షన్ 4(1)(డి) చెబుతుంది, ఆ సెక్షన్ పేరు దరఖాస్తులో రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి అప్పీలు ఇవ్వాలి. ఆ రోజు కూడా ముద్ర వేయించుకోవడం మరవకండి.